నిన్న ఏం తిన్నారు?

"ఎనభై నాలుగూ... ఆపైన నాలుగొందల గ్రాములూ!"

హాస్టల్ ఆయా తవిటమ్మది మామూలు గొంతు కాదు. ఆవిడ వరండాలో నిలబడి పిలిస్తే మూడో అంతస్తులో స్నానం చేస్తున్న పిల్లలు పలుకుతారు. అలాంటి గొంతుతో బరువు చదివి వినిపిస్తే ఇంకేముంది? క్యూలో ఉన్న ఆడపిల్లల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మిషను మీద నిలబడ్డ దీవెనకి చెవులు వేడెక్కాయి.

"మెల్లిగా సెప్పలేవేటి తవిటమ్మా? నా బరువు ఏడు రోడ్ల జంక్షన్ దాకా వినిపించాలా?"

"నాదేటి తప్పమ్మా! ఆ బాబుకి వినపడ్డం లేదంట. గట్టిగా సెప్పమన్నాడు."

దీవెన మిషను దిగి బల్ల వైపు నడిచింది. బల్ల వెనక ఒక సన్నటి కుర్రాడు కాయితాల మీదికి వంగి రాసుకుంటున్నాడు.

"ఏమండీ, మీకు చెవుడా?"

అతను తలెత్తాడు. "కాదండీ, ఫ్యాను చప్పుడుకి..." అంటూనే పైకి చూశాడు. నవంబరు నెలలో ఆ ఫ్యాను ఎందుకు తిరుగుతోందో ఎవరికీ తెలియదు. లేచి వెళ్ళి ఆపేసి వచ్చాడు. "తప్పు నాదేనండీ. ముందే ఆలోచించాల్సింది. తవిటమ్మగారూ, ఇక నుంచి కాయితం మీద రాసివ్వండి."

"అంకెలు సదవగలను గానీ నాకు రాత రాదు బాబూ."

"అయితే నేనే వచ్చి చూసుకుంటాను."

ఆ తర్వాత బరువు తూగిన ప్రతి పిల్లకీ అతను లేచి రావడం, ముల్లు చూడడం, చప్పుడు లేకుండా వెళ్ళి రాసుకోవడం. అరవై మందికి అరవై సార్లు. దీవెన స్తంభానికి ఆనుకుని అదంతా చూసింది. తప్పు నాదేనన్న మగవాణ్ణి ఆమె అంతవరకూ చూడలేదు. వాళ్ళ నాన్న డేవిడ్‌రాజు మాస్టారు తప్పంటూ ఒప్పుకుంటే దేవుడి దగ్గరే ఒప్పుకుంటారు, అదీ ఆదివారం పూట.

కుర్రాడి పేరు బెన్హర్. ఊరు విజయనగరం, రోజూ బస్సులో వచ్చిపోతాడు. ఎం.ఫిల్. చేస్తున్నాడు. విషయం 'యూనివర్సిటీ విద్యార్థినుల ఆహారపు అలవాట్లు, ఊబకాయం'. బరువయ్యాక ఒక్కొక్కరికీ ఒక ఫారం ఇచ్చాడు. దాని మీద పేరుండదు, నెంబరే ఉంటుంది; ఏ నెంబరు ఎవరిదో అతని జాబితాలోనే ఉంటుంది. దీవెనది నూట పదిహేడు. మొదటి ప్రశ్న 'నిన్న ఏం తిన్నారు?'

దీవెన పెన్ను మూత తీసి ఇలా రాసింది. పొద్దున ఒక ఇడ్లీ. మధ్యాహ్నం చిన్న కప్పు అన్నం, పెరుగు. సాయంత్రం ఏమీ లేదు. రాత్రి ఒక యాపిల్.

యాపిల్ అన్నదాన్ని దీవెన చూసి ఆర్నెల్లు దాటింది.

అసలు సంగతి వేరు. మెస్సులో ఆమె కంచం చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. ఒక గరిటె అన్నం, అదీ కెలికి వదిలేస్తుంది. గదికొచ్చాక, రూమ్మేట్ లేని వేళ చూసి తలుపు గడియ పెట్టి, మంచం కింద డబ్బా లాగుతుంది. అందులో మిక్చరు, క్రీము బిస్కెట్లు, కేంటీన్ నుంచి చున్నీలో చుట్టి తెచ్చిన ఎగ్ పఫ్‌లు. గోడ వైపు తిరిగి కూర్చుని, ఎవరో తరుముతున్నట్టు తినేస్తుంది. కడుపు నిండినా ఆగదు. ఇంటర్ చదివేటప్పుడు ఒక పెళ్ళి విందులో ఎవరో పెద్దావిడ "ఆ పిల్లకి ఇంకా వడ్డిస్తన్నారేటి?" అని నవ్వింది. ఆ రోజు నుంచి దీవెన పదిమందిలో కడుపునిండా తిన్నది లేదు. ఆకలికంటే ఎవరైనా చూస్తారన్న భయమే ఎక్కువ.

వారం తిరగ్గానే, మంగళవారం సాయంత్రం విజిటర్స్ రూముకి రమ్మని కబురొచ్చింది. బెన్హర్ ఫైలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"దీవెన గారూ, మీ ఫారంలో లెక్క కుదరట్లేదండీ. మీరు రాసిన తిండికి రోజుకి ఆరొందల కేలరీలు కూడా రావట్లేదు. చిన్నపిల్లాడికి కూడా చాలవవి."

దీవెన దొరికిపోయానే అనుకుంది.

"అందుకని నాకు భయంగా ఉంది" అన్నాడతను. "మీకు థైరాయిడ్ ఉండొచ్చు. ఎప్పుడైనా చూపించుకున్నారా?"

ఆమె బరువు చూసి నవ్వినవాళ్ళున్నారు, సలహాలిచ్చినవాళ్ళున్నారు, అరబక్కెట చీపురు పుల్లలు మరిగించి తాగమన్నవాళ్ళూ ఉన్నారు. భయపడ్డవాడు ఇతనొక్కడే. కళ్ళద్దాల వెనక ఆ కళ్ళు నిజంగానే బెంగగా ఉన్నాయి. నిజం చెప్పేస్తే ఆ చూపు మారిపోతుంది. ఫైలు మూసేసి వెళ్ళిపోతాడు, మళ్ళీ రాడు.

"లేదండీ" అంది దీవెన. "చూపించుకోలేదు."

అంతే, రక్తపరీక్ష జరిగింది. ప్రేమ కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ సంగతి మనం విన్నాం గానీ, ప్రేమ కోసం సిరంజిలో రక్తం ఇచ్చిన పిల్ల దీవెనే. రిపోర్టు శుభ్రంగా వచ్చింది. ఏ లోపమూ లేదు.

"మరి ఎందుకిలా?" అని బెన్హర్ జుట్టు పీక్కున్నాడు. "వచ్చే మంగళవారం మళ్ళీ రాసుకుందాం."

వచ్చే మంగళవారం వచ్చాడు. ఆ పై మంగళవారమూ వచ్చాడు. దీవెన వారమంతా ఆ అరగంట కోసమే బతికింది. సోమవారం రాత్రి తల అంటుకునేది. మంగళవారం పొద్దున నుంచి క్లాసులో లెక్చరర్ చెప్పేది ఒక్క ముక్క ఎక్కేది కాదు.

"నిన్న ఏం తిన్నారు?"

"ఒక ఇడ్లీ."

"చట్నీ?"

"కొంచెం. మరి మీరేం తిన్నారు?"

మొదటిసారి అడిగినప్పుడు అతను నవ్వేశాడు. తర్వాత తర్వాత అదొక అలవాటైపోయింది. అతను దాపరికం లేకుండా చెప్పేవాడు. "పొద్దున చోడంబలి, నంజుకోడానికి ఉల్లిపాయ. మధ్యాహ్నం వంకాయ, ఎండు రొయ్యలు కలిపి అమ్మ కూర చేసింది. ఆ కూరుంటే నేను అన్నం ఎంత తింటానో నాకే తెలీదండీ. రాత్రికి మిగిలిందే మళ్ళీ." చెబుతూ చెబుతూ చేతులు తిప్పేవాడు. దీవెనకి నోరూరేది. కూర మీదో, కూర గురించి చెబుతున్న మనిషి మీదో ఆమెకే తేలేది కాదు.

"అంత తిని ఇలా ఎలా ఉన్నారండీ మీరు?"

"ఏమో! నేనొక ఫారం నింపుకోవాలి" అనేవాడు.

రూమ్మేట్ ధనలక్ష్మి నలభై ఒక్క కిలోల పిల్ల. తన ఫారంలో నాలుగు చపాతీలూ రెండు గుడ్లూ అని రాసింది. తినేది టీలో ముంచిన రస్కు. "ఎక్కువ రాస్తే ఎవడూ వచ్చి అడగడే" అంది. "తక్కువ రాసినందుకు నిన్ను సూడు, వారం వారం ఎలా తిరగతన్నాడో!"

"అతను సర్వే కోసం వస్తున్నాడు."

"సర్వే కోసం వచ్చేవాడు తల దువ్వుకుని వస్తాడేటే?"

క్రిస్మస్‌కి ముందు మంగళవారం బెన్హర్ ఫైలుతోపాటు ఒక స్టీలు డబ్బా తెచ్చాడు. మూత తియ్యగానే నెయ్యి, నువ్వుల వాసన గది నిండా కమ్ముకుంది. అరిసెలు, కింద పొరలో పాకుండలు.

"మా అమ్మ చేసిందండీ. మీ గురించి చెప్పాను. ఆ పిల్లకి నా సేతి అరిసెలు పెట్టు, అన్నీ అవే సర్దుకుంటాయి అంది." అతను డబ్బా ముందుకు జరిపాడు. "ఒక్కటి తినండి."

దీవెన అరిసె వైపు చూసింది. రోజుకి ఒక ఇడ్లీ తినే పిల్ల అరిసె తింటే ఎలా? ఒకటి నోట్లో పెడితే రెండోది ఆగదు. రెండోది తింటుంటే అతను చూస్తాడు.

"నేను స్వీట్లు తిననండీ."

"చిన్న ముక్కయినా?"

"వద్దండీ."

"పోనీ ఉంచుకోండి. ధనలక్ష్మి గారికైనా..."

డబ్బా గదిలో ఉంటే సాయంత్రానికి అడుగంటుతుందని దీవెనకి తెలుసు. "వద్దు. మీరు తీసుకెళ్ళిపోండి" అంది. అనుకున్నదానికంటే కటువుగా వచ్చింది మాట.

అతను మూత పెట్టాడు. ఒకవైపు సరిగ్గా పడలేదు, మళ్ళీ తీసి పెట్టాడు. "సరేనండీ" అని లేచాడు.

"ఒసే, బుద్ధుందేటే నీకు?" అంది ధనలక్ష్మి సంగతి విని. "వాళ్ళమ్మ సేత పిండివంట సేయించి తెస్తే తిప్పి పంపుతావా? మా ఊళ్ళో అయితే సంబంధం వద్దన్నట్టే లెక్క!"

దీవెన గోడ వైపు తిరిగి పడుకుంది. డెబ్బై కిలోలకి రాగానే చెప్పేస్తానని అప్పుడే ఒట్టు పెట్టుకుంది. మీరంటే ఇష్టమని, మీ అమ్మగారి అరిసెలు ఎన్నయినా తింటానని, అన్నీ చెప్పేస్తుంది. ఎనభై నాలుగున్న పిల్ల ఇష్టమంటే ఎవరికైనా నవ్వొస్తుంది. డెబ్బై అయితే నవ్వరు. అప్పటిదాకా ఓపిక పట్టాలి.

ఓపిక పట్టింది. మూడు రోజులు మంచినీళ్ళు తాగి నాలుగో రోజు డబ్బా ఖాళీ చేసేది. జనవరిలో ఎనభై మూడు. ఫిబ్రవరిలో ఎనభై అయిదు. బెన్హర్ వస్తూనే ఉన్నాడు గానీ కూరల గురించి చెప్పడం మానేశాడు. ప్రశ్న అడిగేవాడు, రాసుకునేవాడు, కాసేపు కిటికీలోంచి చూసేవాడు. ఎందుకలా ఉన్నారని అడగాలని దీవెన నాలుక చివరిదాకా వచ్చేది. అడిగితే ఏం చెబుతాడోనని మింగేసేది.

మార్చి ఆఖరి మంగళవారం ఎండల్లో ఒక వాన పడింది. బెన్హర్ తడిసిపోయి వచ్చాడు. కళ్ళద్దాలు తుడుచుకుంటూ, "నా పని అయిపోయిందండీ" అన్నాడు. "థీసిస్ రాసుకోడానికి ఇంట్లోనే ఉండిపోతున్నాను. ఇక రాను."

"ఇక రారా?"

"రావాలాండీ?" అని అతను చప్పున తలెత్తి చూశాడు.

దీవెన పెదవి తెరిచింది. పొద్దున్నే చూసుకున్న ముల్లు కళ్ళ ముందు కదిలింది. ఎనభై మూడు. "థీసిస్ బాగా రాయండి" అంది.

అతను తలూపి వానలోకి దిగి వెళ్ళిపోయాడు. గేటు దగ్గర ఒకసారి ఆగాడు, గొడుగు లేని మనిషి వానలో ఆగడమేమిటో. తర్వాత ఆటో ఎక్కేశాడు. దీవెన ఆ గదిలోనే చాలాసేపు కూర్చుంది. ఆ రోజు ఆమెకి ఆకలి వెయ్యలేదు, డబ్బా కూడా గుర్తు రాలేదు.

తర్వాతి మంగళవారం తల అంటుకుని విజిటర్స్ రూముకి వెళ్ళి కూర్చుంది. ఎవరూ రారని తెలుసు. తెలిసినా కూర్చుంది. ఫోనులో అతని నెంబరుంది. రోజుకి పదిసార్లు తీసి చూసి పెట్టేసేది. మనిషి మీద బెంగ ఇంత బరువుంటుందని ఆమెకి తెలియదు.

బెంగకి తోడు ఇంకో దిగులు పట్టుకుంది. థీసిస్ ఇచ్చేస్తున్నాడని ఎవరో అన్నారు. అందులో ఏదో ఒక పేజీలో తన అబద్ధం అచ్చవుతుంది. వైవాలో ఎవరైనా నిలదీస్తే తలవంపులు అతనికే. తప్పు నాదేనని ఒప్పుకునే ఆ మంచివాడు, తనది కాని తప్పుకి కూడా ఒప్పేసుకుంటాడు. ఆ ఊహ దీవెన భరించలేకపోయింది. ఈస్టరుకి ముందు గురువారం నేరుగా అతని గైడు మేడం గదికి వెళ్ళింది.

"మేడం, నూట పదిహేడో నెంబరు నేనే. నేను రాసిందంతా అబద్ధం. దయచేసి అది థీసిస్‌లో పెట్టొద్దని చెప్పండి."

మేడం కంప్యూటర్‌లో ఏదో వెతికింది. "నూట పదిహేడా? దాన్ని ఎప్పుడో తీసేశాం కదమ్మా. లెక్క కుదరని ఫారం ఉంటే మూడుసార్లు మళ్ళీ అడుగుతాం. అప్పటికీ కుదరకపోతే తీసేస్తాం. అందరూ కొంచెం తగ్గించే రాస్తారు, నువ్వు మరీ తగ్గించేశావు. ఇదిగో, డిసెంబరు రెండో తారీకున బెన్హర్ సంతకం, నా సంతకం."

"డిసెంబరా? సార్ మార్చి ఆఖరి దాకా వచ్చారు మేడం. ప్రతి మంగళవారం."

మేడం కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. దీవెనని ఎగాదిగా చూసింది. ఆవిడకి నవ్వాగలేదు.

"నేను పంపలేదమ్మా" అంది.

ఆదివారం పొద్దున శ్రీకాకుళం బస్ కాంప్లెక్సులో దీవెన విజయనగరం బస్సెక్కింది. డిసెంబరు నుంచి మార్చి దాకా ఎన్ని మంగళవారాలో వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. వేళ్ళు చాలలేదు. ఏమీ తినకుండానే బయల్దేరింది.

కోటకి దగ్గర్లో తాము వెళ్ళే చర్చి గురించి అతను చాలాసార్లు చెప్పాడు. ఈస్టరు ఆరాధన అయ్యేసరికి పన్నెండు దాటింది. ఆవరణలో షామియానా కింద చాపలు పరిచి, సంఘమంతా కలిసి తినే ప్రేమవిందుకి ఆకులు వేస్తున్నారు. ఆడవాళ్ళ పంక్తిలో ఒక ముసలావిడ పక్కన దీవెన కూర్చుంది. పదిమంది మధ్య ఆకు ముందు కూర్చుని ఎన్నేళ్ళయిందో. లేచి పారిపోదామా అనిపించింది.

అన్నం బేసిను పట్టుకుని బెన్హర్ వరసలో వస్తున్నాడు. తెల్లచొక్కా, చెమట. ఎదుటివాళ్ళ మొహాలు చూడకుండా ఆకులే చూస్తూ వడ్డిస్తున్నాడు. ఆమె ఆకు దగ్గరికి వచ్చి గరిటె ముంచాడు.

"వందనాలండీ" అంది దీవెన.

గరిటె బేసినులోనే ఆగిపోయింది.

"మీరా! ఎప్పుడొచ్చారు? మీరు... మీకు చిన్న కప్పేనా?"

"నాలుగు గరిటెలు పెట్టండి. ఆకలేస్తోంది."

అతను నాలుగూ పెట్టాడు. అయిదోది ఎందుకు పెట్టాడో అతనికే తెలియదు.

"బెన్హర్ గారూ, నేను అబద్ధాలు రాశాను. ఒక ఇడ్లీ కాదు. మెస్సులో ఏమీ తినేదాన్ని కాదు, గదిలో దాక్కుని, గోడ వైపు తిరిగి అన్నీ తినేదాన్ని. మిక్చరు, పఫ్‌లు, చేతికేది దొరికితే అది. నాకే జబ్బూ లేదు."

"మరి రక్తం తీయించుకున్నారు కదండీ!"

"మీరు రావడం మానేస్తారని."

"బాబూ, కబుర్లు తర్వాత ఆడుకుందురు, నాకు అన్నం పెట్టు" అంది పక్కనున్న ముసలావిడ. అతను ఆవిడ ఆకులో రెండు గరిటెలు గుమ్మరించి మళ్ళీ ఇటు తిరిగాడు.

"మరి అరిసెలు?"

"మీరు డబ్బా తీసుకెళ్ళాక ఏడ్చానండీ. అరిసెల కోసం కొంచెం. మీ కోసం చాలా."

బెన్హర్ బేసిను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "నేనంటే ఇష్టం లేక వద్దన్నారనుకున్నాను."

"డెబ్బై వచ్చాక చెబుదామనుకున్నాను."

"డెబ్బై ఏళ్ళా?"

"కిలోలండీ!"

అతను పకపకా నవ్వాడు. ఆ నవ్వు చూడక నాలుగు నెలలైంది. దీవెనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నవ్వకండి. మీరు మాత్రం? మూడుసార్లు అడిగితే చాలట కదా. మేడం చెప్పారు. మరి అన్ని మంగళవారాలు ఎందుకొచ్చారు?"

ఈసారి చెవులు ఎర్రబడడం అతని వంతైంది. "మీకు ఇష్టం లేదని తెలిసీ రావడం మానలేకపోయానండీ. మీరంటే నాకు అంత ఇష్టం. ముల్లు ఎక్కడుంటే నాకేంటి? తినాలనుంటే నా ముందు తినండి, మానాలనుంటే నాకు చెప్పి మానండి. గోడతో మాత్రం కలిసి తినకండి."

"ఏట్రా, అక్కడే పాతుకుపోయేవు? అటేపు పంక్తికి అన్నం లేదు!" అంటూ కూర బక్కెట్టుతో ఒకావిడ వచ్చింది. అతని తల్లేనని ఆ కళ్ళు చూస్తేనే తెలిసిపోతోంది. పేరు జ్ఞానసుందరి. దీవెనని, కొడుకుని మార్చి మార్చి చూసింది. "ఎవరీ పిల్ల?"

"దీవెన అమ్మా."

"నా అరిసెలు తిప్పి పంపిన దీవెనా?"

షామియానా కింద గాలి ఆగిపోయినట్టైంది దీవెనకి. "తప్పు నాదేనండీ" అంది. "తినాలని ప్రాణం లాగినా వద్దన్నాను."

జ్ఞానసుందరి వంగి, వంకాయ ఎండు రొయ్యల కూర ఆకులో వేసింది. "మొహం పీక్కుపోయింది. ఎప్పుడు తిన్నావో ఏటో. తిను ముందు" అంది. కొడుకు వైపు తిరిగి, "ఒరే, ఆ బేసిను ఇంకెవరికైనా ఇచ్చి నువ్వూ కూకో. పొద్దున్నుంచీ నీ కడుపులోనూ ఏటీ పడలేదు" అంది.

బెన్హర్ ఎదురుగా మగవాళ్ళ పంక్తిలో కూర్చున్నాడు. దీవెన అన్నం కలిపింది. ముద్ద ఎత్తి ఒక్క క్షణం చుట్టూ చూసింది. ఎవరి ఆకు గొడవ వాళ్ళది. ఎవరూ ఆమె వైపు చూడడం లేదు, ఎదురుగా ఉన్న ఒక్కడు తప్ప. అతను చూస్తుండగానే తింది. నెమ్మదిగా, ఒక్కో ముద్దా రుచి తెలిసేలా. తిండి ఇంత నెమ్మదిగా కూడా తినొచ్చని ఆమె ఎప్పుడో మరిచిపోయింది.

జ్ఞానసుందరి పంక్తి చివరిదాకా వెళ్ళి బక్కెట్టుతో వెనక్కి వస్తోంది. ఆకులో అన్నం ఇంకా ఉంది, కూర అయిపోయింది. దీవెన తలెత్తింది.

"అత్తయ్యా, ఇంకొంచెం కూర వెయ్యండి."

ఎదురు పంక్తిలో బెన్హర్‌కి పొలమారింది. జ్ఞానసుందరి చేతిలో గరిటె గాల్లోనే ఆగింది. ఆవిడ ఆ పిల్ల మొహంలోకి ఒకసారి నిదానంగా చూసి, బక్కెట్టు కింద పెట్టి, ఈసారి రొయ్యలు ఏరి ఏరి వడ్డించింది.